బ్రెన్నిలిస్: నరకద్వారం పక్కన అణు రియాక్టర్

ఫ్రాన్స్ పటంలో పడమటి కొసన అట్లాంటిక్‌లోకి పొడుచుకొచ్చిన ప్రాంతం బ్రిటనీ. అందులోనూ చిట్టచివరి జిల్లా ఫినిస్తేర్. దానికి మూడు వైపులా సముద్రమే అయినా, నడిమధ్యకు వెళ్లేసరికి చెట్టూ చేమా పలచబడి బోడి కొండలు కనిపిస్తాయి. వాటిని ఆరే కొండలంటారు. ఆ కొండల నడుమ పల్లంలో, నాలుగైదు వందల మంది ఉండే ఊరు బ్రెన్నిలిస్. ఒక పాత చర్చి, ఒక పెద్ద చెరువు, బురదనేల, రాతియుగపు సమాధి. ఇంతవరకైతే బ్రిటనీలో ఇలాంటి పల్లెలు చాలానే దొరుకుతాయి. కానీ ఈ ఊరి చెరువుగట్టున 1985లో ఆపేసిన అణు విద్యుత్ కేంద్రం ఉంది. అది కరెంటు ఇచ్చింది పద్దెనిమిదేళ్లు. దాన్ని విప్పే పని అప్పటినుంచీ సాగుతూనే ఉంది.

పైగా ఆ కేంద్రం కట్టిన బురదనేలనే అక్కడి జనం తరతరాలుగా నరకానికి ద్వారమని చెప్పుకున్నారు. పత్రికలవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? బ్రెన్నిలిస్ గురించి రాసే ప్రతివాళ్లూ ఇక్కడ ఒక చమత్కారం విసిరి ముందుకు వెళ్లిపోతారు. దాంతో అసలు అడగాల్సిన ప్రశ్నలు రెండు మరుగున పడిపోయాయి. ఇంత మారుమూలకు రియాక్టర్ ఎందుకొచ్చింది? వచ్చింది ఎందుకు పోవడం లేదు? మొదటిదానికి జవాబు ఆ ఊరి నీళ్లలో ఉంది. రెండోదానికి జవాబు ఫ్రాన్స్ 1960లలో కాసి, చేతులు కాలకముందే వదిలేసిన ఒక సాంకేతిక పందెంలో ఉంది.

నీరు నిలిచే పల్లం

ఆరే కొండలు పేరుకే కొండలు. అన్నిటికన్నా ఎత్తైన రోక్ రుజ్ 385 మీటర్లు. మన దగ్గరైతే గుట్ట అని సరిపెడతాం. బ్రిటనీ మొత్తంలో ఇంతకు మించిన ఎత్తు లేదు. ఒకప్పటి మహా పర్వతాలు కోట్ల ఏళ్లు అరిగాక మిగిలిన మొదళ్లివి. అంచుల్లో ఉన్న క్వార్ట్‌జైట్, పలకరాళ్లు గట్టివి కాబట్టి నిలబడ్డాయి. లోపలి గ్రానైట్ పుచ్చి, ఇసుకగా మారి కొట్టుకుపోయింది. అలా మిగిలిన మూకుడు లాంటి పల్లమే యూన్ ఎలెజ్.

అట్లాంటిక్ మీద నుంచి వచ్చే మబ్బులు ఈ కొండలకు తగిలి వాన కురిపిస్తాయి. పల్లంలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి దారి ఎలెజ్ అనే చిన్న నది ఒక్కటే. వచ్చే నీరు ఎక్కువ, పోయే నీరు తక్కువ. ఇలా నిలిచిన నీళ్లలో స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. చచ్చిన నాచుకు గాలి తగలదు కాబట్టి పూర్తిగా కుళ్లదు. పొర మీద పొర పేరుకుని, వేల ఏళ్లకు పీట్ అనే నల్లటి, మెత్తటి నేల తయారవుతుంది. ఎండితే అది మండుతుంది. చెట్లు తక్కువైన ఈ ఊళ్లలో చలికాలపు పొయ్యి దాంతోనే వెలిగేది. వేసవిలో పారలతో దిమ్మెలుగా కోసి, బురదనేల మీదే వరుసలు పేర్చి ఆరబెట్టి, బండ్ల మీద ఇళ్లకు తోలుకునేవారు.

తడిగా ఉన్నప్పుడు మాత్రం ఈ నేలను నమ్మడానికి లేదు. పైన పచ్చగా గడ్డి కనిపిస్తుంది, కాలు పెడితే నడుము దాకా దిగబడుతుంది. పశువులు చిక్కుకుపోతాయి. పొగమంచు పట్టిన రోజున బాట కనిపించదు. నరకద్వారం కథ ఇలాంటి చోట పుట్టిందంటే ఆశ్చర్యపడాల్సింది లేదు. పిల్లల్ని అటు వెళ్లకుండా ఆపడానికి అంతకన్నా పనికొచ్చే కథ ఉంటుందా?

ఆ ద్వారం పేరు యూదిగ్. బురదలో అడుగు తగలని గుంట అది. ఎవరైనా చనిపోయాక శాంతి లేక ఇంటివాళ్లను పీడిస్తూ ఉంటే, ఆ విద్య తెలిసిన మతగురువు ఆ ఆత్మను ఒక నల్లకుక్కలోకి దింపుతాడు. ఆ కుక్కను ఒక ఊరి గురువు నుంచి పక్క ఊరి గురువుకు అప్పగిస్తూ యూదిగ్ దాకా నడిపించి, గుంటలోకి తోసేస్తారు. ఇక అది తిరిగి రాదు. కిర్రుమనే బండి తోలుకుంటూ చనిపోయేవాళ్ల కోసం వచ్చే అంకూ కూడా ఈ ప్రాంతపు మనిషే. బ్రెటన్ కథల్లో అతను మృత్యువుకు పనివాడు. పల్లానికి ఎదురుగా దాదాపు 380 మీటర్ల కొండ మీద సాన్ మిషెల్ పేరిట 17వ శతాబ్దపు చిన్న ప్రార్థనా మందిరం ఉంది. సైతానును తొక్కిపట్టే దేవదూతను సరిగ్గా నరకం మూతకు ఎదురుగా నిలబెట్టారు. 2022 జులైలో ఈ కొండల్లో మంటలు చెలరేగి 1,700 హెక్టార్లకు పైగా గడ్డీ పొదలూ కాలిపోయాయి. మందిరం చుట్టూ నేలంతా నల్లబడినా కట్టడం మిగిలింది.

చిన్నవాడికి ఆస్తి, పెద్దవాళ్లకు బండరాళ్లు

మనుషులు ఇక్కడ కొత్తగా చేరినవాళ్లు కారు. ఊరికి దగ్గర్లోని టి ఆర్ బూదిగెద్ సుమారు అయిదు వేల ఏళ్ల నాటి రాతి సమాధి. ఆ పేరుకు అర్థం దేవకన్యల ఇల్లు. బ్రిటనీలో ఇలాంటి సమాధులు చాలా ఉన్నాయి కానీ, ఎక్కువచోట్ల మీది మట్టి కొట్టుకుపోయి రాళ్లే మిగిలాయి. ఇక్కడ మట్టిదిబ్బ ఇంకా ఉంది. వంగి లోపలికి వెళ్తే, పైన కప్పిన బండల మధ్య ఒకప్పుడు అది ఎలా ఉండేదో తెలుస్తుంది. కట్టినవాళ్లు దీన్ని మైదానంలో నిలువురాళ్లుగా ఊహించుకోలేదు, చీకటి గదిగా కట్టారు. మిగతాచోట్ల రాళ్లు మాత్రమే చూసి వచ్చేవాళ్లకు ఆ సంగతి తట్టదు.

ఊళ్లోని నోత్ర్‌దామ్ చర్చి మీద 1485 నాటి శాసనం ఉంది. అయినా బ్రెన్నిలిస్ చాలాకాలం సొంత ఊరు కాదు. పక్కనున్న లోకెఫ్రే కింద శివారుగా ఉండి, 19వ శతాబ్దం చివర్లో గానీ విడి గ్రామం కాలేదు. అణు కేంద్రం కూడా ఈ రెండు ఊళ్ల పొలిమేర మీదే పడింది.

మధ్యయుగంలో ఈ కొండల్లో భూములు మఠాల చేతుల్లో ఉండేవి. బీడు భూమిని సాగులోకి తేవడానికి జనాన్ని రప్పించి, వాళ్లు కెవేజ్ అనే విచిత్రమైన కౌలు పద్ధతి పెట్టారు. అందులో ఆస్తి ఆఖరి బిడ్డకు వెళ్తుంది. పెద్దవాళ్లు ఎదిగిన కొద్దీ బయటికి పోయి మరో బీడు కొట్టుకోవాలి. మఠానికి కొత్త భూమి, కొత్త శిస్తు. పైకి చిన్నవాడి మీద ప్రేమలా కనిపిస్తుంది గానీ లెక్కంతా మఠం లెక్కే. అలా ముక్కలు ముక్కలుగా, రాతి గట్ల మధ్య చిన్న చిన్న పొలాలు పుట్టుకొచ్చాయి.

ఆ పొలాలు కడుపు నింపలేదు. అందుకే ఈ చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లు పిల్హవర్‌లయ్యారు. గుర్రబ్బండి తోలుకుని ఊరూరా తిరుగుతూ పాత గుడ్డలు కొని, బదులుగా పింగాణీ పాత్రలిచ్చి, ఆ గుడ్డల్ని కాగితం మిల్లులకు అమ్మేవారు. అప్పట్లో కాగితం తయారయ్యేది గుడ్డపీలికలతోనే. మిల్లులు చెక్కగుజ్జుకు మారాక ఆ వృత్తి ఎండిపోయింది. పశువులు మిగిలాయి. కొమ్ములున్న పశువులకు కాపుదల దేవుడు దగ్గర్లోని సాంట్ ఎర్బో. అక్కడి గుడిలో రైతులు ఆవు తోకవెంట్రుకల్ని కత్తిరించి ముడుపుగా పెట్టేవారు.

20వ శతాబ్దంలోకి వచ్చేసరికి బ్రెన్నిలిస్ చేతిలో ఉన్నవి మూడు. పేదరికం, వలసపోయే యువకులు, ఎవరికీ పనికిరాని నీళ్లు. ఆ నీళ్లకు గిరాకీ మొదట వచ్చింది.

చెరువు ముందు, రియాక్టర్ తర్వాత

ఎలెజ్ నది యూన్ పల్లం దాటాక సాంట్ ఎర్బో దగ్గర గ్రానైట్ గుండ్ల మధ్య నుంచి కిందికి దూకుతుంది. అక్కడ జలవిద్యుత్ కేంద్రం పెట్టారు. దానికి వేసవిలో కూడా నీళ్లు అందాలంటే పైన ఎక్కడో నిలవ ఉండాలి. అందుకోసం 1930లలో బ్రెన్నిలిస్ దగ్గర నెస్తావెల్‌లో ఆనకట్ట కట్టారు. యూన్ బురదనేలలో పెద్ద భాగం మునిగిపోయి సాన్ మిషెల్ జలాశయమైంది. విస్తీర్ణం 450 హెక్టార్ల పైమాటే.

యాత్రికులు ఈ చెరువును చూసి ఆదిమ ప్రకృతి అని మురిసిపోతారు. అది కరెంటు కోసం కట్టిన చెరువు. ఈ ఒక్క సంగతి తెలిస్తే అణు కేంద్రం ఆకాశం నుంచి ఊడిపడలేదని అర్థమవుతుంది. 1960ల మొదట్లో ప్రయోగాత్మక రియాక్టర్ కోసం చోటు వెతికినప్పుడు కావలసినవన్నీ ఇక్కడ అమర్చినట్టు ఉన్నాయి. చల్లబరచడానికి నిండా నీళ్లున్న జలాశయం. కింద గట్టి రాయి. చుట్టూ పలచగా జనం. వాటికి తోడు ఒక రాజకీయ అవసరం. బ్రిటనీ దేశపు కరెంటు తీగలకు చిట్టచివర ఉంది, సొంత ఉత్పత్తి దాదాపు లేదు. పరిశ్రమలు లేక యువకులు పారిస్ రైలెక్కుతున్నారు. 1950లో ఏర్పడిన సెలిబ్ అనే బ్రెటన్ ప్రయోజనాల సమితి ప్రభుత్వం మీద గట్టిగా ఒత్తిడి తెస్తోంది. అణుశక్తి అంటే అప్పట్లో భయం కన్నా ఆశే ఎక్కువ. ఊరికి జీతాలొస్తాయి, పన్నులొస్తాయి, బడికి పిల్లలొస్తారు. ఇప్పటి చైతన్యంతో అప్పటి ఊరివాళ్లను తప్పుబట్టడం తేలిక. వాళ్ల స్థానంలో ఉంటే మనమూ సరేననే వాళ్లం.

పని 1962లో మొదలైంది. 1966 డిసెంబరులో రియాక్టర్‌లో తొలి గొలుసుచర్య, 1967 జులైలో గ్రిడ్‌కు కరెంటు. సామర్థ్యం 70 మెగావాట్లు. ఇప్పటి రియాక్టర్లు ఒక్కొక్కటి వెయ్యి మెగావాట్లు దాటుతుంటే ఇది బొమ్మకిందే లెక్క. అణుశక్తి సంస్థ సీఈఏ, ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ కలిసి కట్టాయి. పేరు ఈఎల్4.

భారజలం పందెం

ఈ రియాక్టర్ ప్రత్యేకతను తెలుగు పాఠకులకు చెప్పడం కొంత సులువు. మణుగూరు దగ్గర భారజల కర్మాగారం ఉంది కాబట్టి ఆ మాట కొత్త కాదు. యురేనియం అణువు చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్లు మరీ వేగంగా పోతాయి. వాటిని నెమ్మదింపజేస్తేనే తర్వాతి అణువును చీలుస్తాయి. మామూలు నీళ్లు నెమ్మదింపజేస్తాయి గానీ కొన్నిటిని మింగేస్తాయి. భారజలం మింగేది చాలా తక్కువ. అందుచేత శుద్ధి పెంచని, అంటే తేలిగ్గా చీలే రకం పాలు పెంచని, సహజ యురేనియంతోనే రియాక్టర్ నడపవచ్చు. యురేనియం శుద్ధి కర్మాగారాలు ఖరీదైనవి, అప్పట్లో ఎక్కువగా అమెరికా చేతిలో ఉన్నవి. మన దేశం భారజల రియాక్టర్ల దారి పట్టడానికి కూడా ముఖ్య కారణం సహజ యురేనియమే.

అయితే మన రియాక్టర్లలో వేడిని మోసుకొచ్చేది కూడా భారజలమే. బ్రెన్నిలిస్‌లో భారజలం న్యూట్రాన్లను నెమ్మదింపజేయడానికి మాత్రమే. వేడిని బయటికి తేవడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువును వాడారు. ట్యాంకులో అడ్డంగా పరిచిన 216 గొట్టాల్లో ఇంధనం, దాని మీదుగా వేడెక్కే వాయువు. ఈ అమరిక ఫ్రాన్స్‌లో మరెక్కడా లేదు.

పందెం ఎక్కడ తప్పిందో చూడండి. ఇంధనానికి తొడుగుగా బెరీలియం వాడాలనుకున్నారు. అది న్యూట్రాన్లను దాదాపు మింగదు. కానీ పెళుసు. రియాక్టర్‌లో నిలవదని తేలిపోయి దాన్ని వదిలేశారు. వేరే తొడుగులు న్యూట్రాన్లను కొంత మింగుతాయి కాబట్టి, లోటు పూడ్చడానికి కొద్దిగా శుద్ధి పెంచిన యురేనియం వాడక తప్పలేదు. శుద్ధి పెంచిన యురేనియం అక్కర్లేకుండా ఉండడం కోసమే ఇంత తతంగం. ఆ లాభమే పోయాక మిగిలింది సంక్లిష్టమైన యంత్రం.

మూడేళ్లు తిరక్కుండానే, 1969లో ఫ్రాన్స్ తన సొంత రకాలను పక్కనపెట్టి అమెరికా తరహా పీడన జల రియాక్టర్ల వైపు మళ్లింది. బ్రెన్నిలిస్ తరహాకు దగ్గరి చుట్టాలు ఇతర దేశాల్లో కూడా బతికి బట్టకట్టలేదు. స్విట్జర్లాండ్‌లో కొండగుహలో కట్టిన లూసెన్స్ రియాక్టర్ 1969 జనవరిలో పాక్షికంగా కరిగిపోయింది. చెకోస్లొవాకియాలో బొహునిత్సె 1977 ప్రమాదంతో మూతపడింది. జర్మనీలో నీడరైఖ్‌బాఖ్ సంగతి మళ్లీ వస్తుంది. బ్రెన్నిలిస్ మాత్రం, భవిష్యత్తు లేదని తెలిశాక కూడా పదహారేళ్లు బుద్ధిగా కరెంటు ఇచ్చి 1985 జులైలో ఆగింది.

ఈలోగా ఊరి బయట వాతావరణం మారింది. 1975 ఆగస్టులో బ్రిటనీ విమోచన కోసమంటూ పనిచేసిన ఎఫ్ఎల్‌బీ ఇక్కడ బాంబులు పేల్చింది. 1980లో ఇదే జిల్లాలో సముద్రపు ఒడ్డున ప్లొగోఫ్ ఊరిజనం కొత్త అణు కేంద్రం వద్దని పోలీసులతో రోజుల తరబడి తలపడ్డారు. 1981లో అధికారంలోకి వచ్చిన అధ్యక్షుడు మిత్తెరాఁ ఆ పథకాన్ని రద్దు చేశారు. అలా బ్రిటనీలో కరెంటు ఇచ్చిన అణు కేంద్రం బ్రెన్నిలిస్ ఒక్కటే అయింది.

విప్పడం ఎందుకు తెమలడం లేదు

చాలామంది అనుకునేది, అక్కడ భయంకరమైన రేడియేషన్ ఉంది కాబట్టి ముట్టుకోలేకపోతున్నారని. ఇంధనం 1990ల మొదట్లోనే తీసుకెళ్లిపోయారు, భారజలాన్నీ తోడేశారు. ఆ రెండూ పోయాయంటే ప్రమాదంలో సింహభాగం పోయినట్టే. మిగిలింది పద్దెనిమిదేళ్లు న్యూట్రాన్ల దెబ్బ తిన్న లోహం, అంటే రియాక్టర్ గుండెకాయ, దాని చుట్టూ అల్లుకున్న గొట్టాలు. మనిషి దగ్గరికి వెళ్లి కోయలేడు, దూరం నుంచి నడిపే యంత్రాలు కావాలి. ఆ యంత్రాలను ఈ ఒక్క రియాక్టర్ కోసమే తయారుచేయాలి. 216 గొట్టాలకూ రెండు కొసల్లో వాయువు పైపులు చిక్కుపడి ఉంటాయి. ఇక్కడ నేర్చుకున్న పాఠం ఈడీఎఫ్‌కు ఉన్న మిగతా రియాక్టర్లలో దేనికీ నేరుగా పనికిరాదు. ఒక్కడికోసం పెళ్లి వంట చేయడానికి ఏ సంస్థ తొందరపడుతుంది?

జర్మనీ వాళ్లు నీడరైఖ్‌బాఖ్‌ను 1995కల్లా తీసేసి పచ్చిక మొలిపించారు కదా అని అడగొచ్చు. ఆ రియాక్టర్ మొత్తం జీవితంలో పూర్తి సామర్థ్యం లెక్కన మూడు వారాలు కూడా నడవలేదు. దాని లోహం అంతగా చెడలేదు. రెంటినీ పోల్చి ఈడీఎఫ్ చేతకానితనం అనడం న్యాయం కాదు.

కానీ ఆలస్యమంతా సాంకేతికమే అని ఈడీఎఫ్‌ను వదిలేయడమూ న్యాయం కాదు. 1996లో కొంతవరకు విప్పడానికి అనుమతి వచ్చింది. 2006లో పూర్తిగా విప్పేందుకు డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, ఇచ్చారు. పర్యావరణ ప్రభావ అధ్యయనాన్ని ప్రజల ముందు పెట్టకుండానే ఇచ్చారని అణు వ్యతిరేక సంఘాలు కోర్టుకెక్కాయి. 2007 జూన్‌లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ డిక్రీని కొట్టేసింది. ఇక్కడ తమాషా ఏమిటంటే, కేంద్రం పోవాలని కోరేవాళ్ల కేసువల్లే అది పోవడం ఆలస్యమైంది. అయినా ఆ కేసు వేయడం తప్పనను. ఊళ్లో ఏం తవ్వుతున్నారో, చెరువులోకి ఏం వదులుతున్నారో తెలుసుకునే హక్కు ఊరివాళ్లకు ఉండాలి. కాగితాలు మొదటే సరిగ్గా పెట్టి ఉంటే కేసే ఉండేది కాదు.

2011లో మళ్లీ పాక్షిక అనుమతి, అదీ రియాక్టర్ గుండెకాయను ముట్టకుండా. మిగతా భవనాలు, వ్యర్థజల శుద్ధి కేంద్రం, కలుషితమైన మట్టి ఒక్కొక్కటే తొలగించారు. 2021–22 చలికాలంలో బహిరంగ విచారణ జరిగింది. 2023 సెప్టెంబరులో గానీ పూర్తిగా విప్పే డిక్రీ రాలేదు. పని పూర్తవడానికి సుమారు పదిహేడేళ్లు పడుతుందని అంచనా, అంటే 2040 దాటే మాట. ఖర్చు మొత్తం 48.2 కోట్ల యూరోలని 2005లోనే ఫ్రాన్స్ ఆడిట్ కోర్టు లెక్క తేల్చింది, అది తొలి అంచనాలకు ఇరవై రెట్లు. ఆ తర్వాత ఆ అంకె ఇంకా పెరిగింది.

కోసిన ముక్కలు బ్రిటనీలో ఉండవు. తక్కువ తీవ్రత గలవి దేశానికి అటు చివర ఓబ్ జిల్లాలోని నిలవ కేంద్రాలకు, దీర్ఘకాలం రేడియేషన్ ఇచ్చేవి బ్యూజేలోని గిడ్డంగికి వెళ్తాయి. ఇక్కడ ఒక చిన్న మాట. గ్రానైట్ నేల కావడంతో ఈ ప్రాంతపు ఇళ్లలోకి రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు సహజంగానే చేరుతుంది. కేంద్రం పక్కన కొలత మీటరు పట్టుకుని తిరిగే యాత్రికులు, బస చేసిన రాతి ఇంటి కిటికీలు తెరిచి పెట్టుకోవడం మరవకపోతే మంచిది.

ఇప్పటి బ్రెన్నిలిస్

రియాక్టర్ ఆగినా ఆ చోటు కరెంటు పని మానలేదు. 1980ల మొదట్లో పక్కనే చమురుతో నడిచే టర్బైన్లు పెట్టారు. చలికాలం సాయంత్రాల్లో బ్రిటనీ అంతా హీటర్లు వేసుకున్నప్పుడు అవి తిరుగుతాయి. సామర్థ్యంలో పాత రియాక్టర్‌ను మించినవే. బ్రిటనీ ఇప్పటికీ తను వాడే కరెంటులో ఎక్కువ భాగం బయటినుంచే తెచ్చుకుంటోంది, కాబట్టి 1960 నాటి చిక్కు తీరలేదు.

రియాక్టర్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది తర్వాత, ప్రకృతి సంరక్షణ సంఘంవాళ్లు రోన్ నది నుంచి బీవర్లను తెచ్చి ఎలెజ్ ఒడ్డున వదిలారు. అవి నిలదొక్కుకుని, కొమ్మలతో తమ సొంత ఆనకట్టలు కట్టుకుంటున్నాయి. 1993లో ఊరి పరిధిలోని వెనెక్ బురదనేలను జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా మొక్కలు అక్కడ వేలి గోరంత ఎర్రటి ఆకులతో నాచు మీద పరుచుకుని ఉంటాయి. మోకాళ్ల మీద కూర్చుంటే గానీ కంటపడవు.

చూడ్డానికి వెళ్లాలనుకుంటే మోర్లే, కెంపేర్ పట్టణాల మధ్య ఉంటుంది, సొంత బండి లేకపోతే కష్టం. చర్చి, టి ఆర్ బూదిగెద్, ఊళ్లోని బీవర్ల ప్రదర్శనశాల ఒక పూటలో అయిపోతాయి. చెరువు గట్టున నడిస్తే ఒక వైపు రియాక్టర్ గోపురం, ఎదురుగా సాన్ మిషెల్ కొండ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. వాన పడ్డాక వెళ్తే మాత్రం వేసిన బాట దిగొద్దు. కథలో కుక్క సంగతేమో గానీ, నేల ఇప్పటికీ దిగబడుతుంది.